పుచ్చిన దవడ పన్నుకు ఏ ఫిల్లింగ్ వేయించుకోవాలి?

ప్రశ్న:
నా కింది దవడ పన్ను నమిలే భాగం పుచ్చి, ఆ గుంత పక్క పన్ను ఆనుకునే చోటి దాకా పాకింది. దాని ముందు పంటికి చిగురు అంచున మరో చిన్న గుంత ఉంది. మొదటిదానికి కాంపోజిట్ (పంటి రంగు రెసిన్), రెండోదానికి గ్లాస్ అయానమర్ (గాజు పొడితో చేసే ఒక రకం సిమెంటు) వేస్తామని వైద్యురాలు చెప్పారు. రెండింటికీ ఒకటే ఎందుకు వేయకూడదు? పై వరుసలో ఉన్న పాత వెండి ఫిల్లింగ్‌లో పాదరసం ఉంటుందంటున్నారు, దాన్నీ తీయించుకోవాలా?

సమాధానం 1:
నేను దంతవైద్యుణ్ణి. మీ వైద్యురాలి నిర్ణయం నాకు సబబుగానే తోస్తోంది. కాంపోజిట్ వేసేటప్పుడు పంటిని ఆమ్లంతో గరుకు చేసి, అతికించే బాండింగ్ ద్రవం రాసి, పదార్థాన్ని సుమారు 2 మిల్లీమీటర్ల పొరలుగా నింపుతూ ఒక్కొక్క పొరనూ నీలి కాంతితో గట్టిపరుస్తారు. ఈ మధ్యలో ఎక్కడ ఉమ్మి తగిలినా పట్టు చెడుతుంది. దవడ పంటికి రబ్బరు డ్యామ్ (పంటి చుట్టూ బిగించే పలుచని రబ్బరు తెర) తొడిగి పొడిగా ఉంచవచ్చు గానీ, చిగురు అంచున అది కష్టం, పైగా అక్కడ ఎనామిల్ (పంటి గట్టి పైపొర) కూడా పలుచన. గ్లాస్ అయానమర్ కొంత తేమను ఓర్చుకుంటుంది, పంటికి రసాయనికంగా అతుక్కుంటుంది, ఫ్లోరైడ్‌ను కూడా విడుదల చేస్తుంది. అయితే నమిలే ఒత్తిడికి త్వరగా అరుగుతుంది కనుక పెద్దల దవడ పళ్ళకు శాశ్వత ఫిల్లింగ్‌గా దాన్ని సాధారణంగా ఎంచుకోము.

సమాధానం 2:
వెండి ఫిల్లింగ్‌లో దాదాపు సగం పాదరసమే అన్నది నిజం. ఐరోపా సమాఖ్య 2025 జనవరి 1 నుంచి, వైద్యపరంగా తప్పనిసరైన సందర్భాల్లో తప్ప, దాని వాడకాన్ని ఆపింది కూడా. కానీ ఆ నిషేధం కొత్తగా వేయడానికే వర్తిస్తుంది. అంచులు చెక్కుచెదరకుండా, కింద పుచ్చు లేకుండా ఉన్నదాన్ని తొలిస్తే పాదరసం ఆవిరి వెలువడుతుంది, మంచి పన్ను కొంత పోతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో గర్భిణులు, ఆరేళ్ళలోపు పిల్లలు, మూత్రపిండాల జబ్బున్నవారు మొదలైనవారికి దీన్ని వేయవద్దని సూచిస్తూనే, బాగున్న పాతవాటిని తీయించుకోవద్దని కూడా చెప్పింది.

సమాధానం 3:
ఒక్క మాట చేరుస్తాను. ఫిల్లింగ్ అయ్యాక రంగు కాగితం కొరికించి ఎత్తు సరిచూస్తారు, కానీ మత్తులో ఉన్న దవడతో సరిగ్గా కొరకలేము. మత్తు దిగాక ఆ పన్నే ముందు తగులుతున్నట్టు అనిపిస్తే, అదే సర్దుకుంటుందని ఊరుకోకుండా వెళ్ళి అరగదీయించుకోండి. రెండు పళ్ళ మధ్య ఫ్లాస్ దారం కాస్త బిగువుగా దిగాలి. వదులుగా జారిపోతే అక్కడ ఆహారం ఇరుక్కుంటుంది, దారం పీచుపీచుగా చీలితే ఫిల్లింగ్ అంచు గరుకుగా మిగిలి ఉండవచ్చు.