గ్రానైట్ ఫ్యాక్టరీలో పని, మా ఆయనకి వినికిడి తగ్గతా ఉంది. ఇప్పుడే చూపించాలా, ఆగొచ్చా?

సుమ_చిత్తూరు:
అందరికీ నమస్తే. మాది చిత్తూరు. మా ఆయనకి 44 ఏళ్లు, పెళ్లికి ముందు నుంచీ గ్రానైట్ ఫ్యాక్టరీలో రాయి కోసే మెషిన్ దగ్గరే పని. ఈమధ్య టీవీ సౌండు పక్కింటోళ్లకి వినపడేంత పెడతా ఉండాడు, వంటింట్లోంచి పిలిస్తే పలకడు, ఎదురుగా కూర్చుని మాట్లాడితే మాత్రం బాగానే అర్థం చేసుకుంటాడు, అందుకే ఇంట్లో వాళ్లు ఎవరూ దీన్ని పట్టించుకోవడం లేదు. నాకు బాధ ఎక్కడంటే, మా పాప ఆరో తరగతి, దాని మాటలు ఆయనకి అస్సలు అందవు, రెండు మూడు సార్లు ఏందిమా ఏందిమా అని అడిగి ఊరికే తల ఊపేస్తాడు, అది చూసి పాప వాళ్ల నాన్నకి ఏమీ చెప్పడమే మానేసింది. రాత్రి పడుకుంటే చెవుల్లో గుయ్యిమంటా ఉంటుందంట. చూపించుకుందాం పా అంటే మా దగ్గర అందరికీ ఇంతే, పూర్తిగా పోయినప్పుడు చెవి మెషిన్ పెట్టుకుంటాలే అంటాడు. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని లోపల భయం ఉన్నట్టుంది. మా అత్త ఏమో వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయమంటుంది. నిజంగా ఆగొచ్చా? యాడ చూపించాలి?

చెవి_పరీక్షలు_తిరుపతి:
అమ్మా, నేను తిరుపతిలో ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు చేస్తాను. ఆగొద్దు. నూనె అసలు పోయొద్దు, కర్ణభేరికి రంధ్రం ఉంటే ఆ నూనె లోపలికి పోయి చీము పడుతుంది.

మీరు రాసింది చదివితే శబ్దం వల్ల వచ్చే నష్టంలాగే ఉంది, పరీక్ష చేస్తేగానీ ఖాయంగా చెప్పలేం అనుకోండి. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు ఉంటాయి, పెద్ద శబ్దానికి అవి చచ్చిపోతాయి, మనుషుల్లో మళ్లీ పుట్టవు, వాటికి మందు లేదు. ముందు దెబ్బ తినేది కీచు శబ్దాలు పట్టే కణాలు, ఆడియోగ్రామ్ (వినికిడి ఎంత ఉందో చూపించే గ్రాఫ్) తీస్తే 4000 హెర్ట్జ్ అనే కీచు శబ్దం దగ్గర గుంటలాగా కనపడుతుంది. స, ష, త లాంటి అక్షరాల్ని గుర్తుపట్టేది ఆ పై శబ్దాలతోనే, అందుకే ఆయనకి గొంతు వినపడుతుంది, మాట తెలీదు. పిల్లల గొంతు ఇంకా సన్నం కాబట్టి పాప మాటలే ముందు పోతాయి. ఎదురుగా కూర్చుంటే అర్థం కావడానికి కారణం ఆయన మీ పెదాలు చూస్తా ఉండటం.

పూర్తిగా పోయినాక చూద్దాం అనే మాట నేను రోజూ వింటా ఉంటాను, వింటే మనసు చివుక్కుమంటుంది. ఒకటి, చెవికి ఏ రక్షణా లేకుండా చేసే ప్రతి షిఫ్టుతోనూ మిగిలిన కణాలు కొన్ని పోతా ఉంటాయి. రెండు, ఏళ్ల తరబడి మాటలు సరిగ్గా అందకపోతే మెదడుకి వాటిని విడదీసే అలవాటు తప్పిపోతుంది, అప్పుడు ఎంత ఖరీదు మెషిన్ పెట్టినా సౌండ్ వస్తాంది కానీ అర్థం కాలేదు సార్ అంటారు. నడి వయసులో వినికిడి తగ్గి దాన్ని వదిలేస్తే తర్వాత మతిమరుపు జబ్బు వచ్చే రిస్క్ ఎక్కువని లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ 2024 రిపోర్టులో కూడా ఉంది, మనం తగ్గించుకోగలిగిన 14 కారణాల్లో ఇది ఒకటి.

ముందు ఈఎన్‌టీ డాక్టర్ గులిమి, కర్ణభేరి చూస్తారు, తర్వాత ఆడియోమెట్రీ, అంటే ఆడియోగ్రామ్ తీసే పరీక్ష. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆస్పత్రులు రెండు చోట్లా ఈఎన్‌టీ ఉంది, మీకు వేలూరు సీఎంసీ ఆస్పత్రి కూడా దగ్గరే. పరీక్షకి ముందు కనీసం 14 గంటలు ఫ్యాక్టరీ శబ్దం చెవిన పడకూడదు, డ్యూటీ దిగి నేరుగా వస్తే రిజల్ట్ తప్పుగా వస్తుంది, సెలవు మరుసటి రోజు పొద్దున్నే తీసుకెళ్లండి.

రాయలసీమ_రాజా:
అక్కా మా బావ కూడా కటింగ్ లైన్‌లోనే. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే ఆ శబ్దం చెవికి చేటే అని ఆయనకి క్యాంపులో డాక్టర్ చెప్పినాడంట. 85 డెసిబెల్స్ దాటితే 8 గంటలు ఉండకూడదు, ఇంకో 3 పెరిగితే 4 గంటలే. దూది పెట్టుకుంటే ఏం లాభం లేదు, చెవిలో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు తెచ్చివ్వు. సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపలికి తోసి, అది ఉబ్బే దాకా వేలితో పట్టుకోవాల, ఊరికే పైన తగిలిస్తే పనికిరాదు.

పని పోతుందనే భయం ఉంది కదా, శబ్దం వల్ల చెవుడు రావడం చట్టంలోనే వృత్తి జబ్బుగా ఉంది. జీతంలో ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) కోస్తా ఉంటే తిరుపతి ఈఎస్‌ఐ ఆస్పత్రికి పోండి, పని వివరాలు చీటీలో రాయించండి. ఈరోజు తీసిన ఆడియోగ్రామే రేపు ఆధారం అవుతుంది.

పద్మజ_పీలేరు:
సుమా, మా నాన్నకి మెషిన్ పెట్టించి ఏడాది దాటింది, నేను చెప్పేది ఒకటే, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే సౌండ్ పెంచే డబ్బాలు కొనొద్దు. అది గిన్నెల చప్పుడూ మాటా అన్నీ ఒకేలా పెంచేస్తుంది, చెవికి ఇంకా ప్రమాదం. ఆడియోగ్రామ్ ప్రకారం సెట్ చేసిందే తీసుకోండి. మొదట్లో నాన్న ఫ్యాన్ సౌండ్ కూడా భరించలేక తీసి పక్కన పడేసేవాడు, రోజూ కొద్దిసేపు ఇంట్లో పెట్టుకుని మెల్లగా టైమ్ పెంచితే అలవాటైంది. ఇప్పుడు ఫోన్‌లో మనవడితో ఆయనే మాట్లాడతాడు. అంతదాకా పాపకి చెప్పు, నాన్న ముందుకొచ్చి, టీవీ ఆపి, ముఖం కనపడేట్టు నిదానంగా మాట్లాడమని. అరవొద్దు, అరిస్తే మాట ఇంకా చెదిరిపోతుంది.

సుమ_చిత్తూరు:
అందరికీ శానా థాంక్స్. పెదాలు చూస్తాడని చదివి నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడి చూసినా, ఒక్క మాట అందలేదు. ఆయనకే చూపించినా. ఏమీ అనలేదు, ఆదివారం సెలవు కదా, సోమవారం పొద్దున పోదాం అన్నాడు. సార్, మెషిన్ ఇస్తే దాన్ని ఫ్యాక్టరీలో కూడా పెట్టుకోవచ్చా?

చెవి_పరీక్షలు_తిరుపతి:
వద్దమ్మా, మెషిన్ మాట వినడానికి, అది శబ్దాన్ని ఆపదు, ఇంకా పెంచుతుంది. రాయి కోసే చోట ప్లగ్గులు గానీ ఇయర్ మఫ్‌లు గానీ, బయటికి వచ్చినాక మెషిన్. ఇంకో మాట, ఈలోపు ఏ చెవైనా ఉన్నట్టుండి ఒక్కసారిగా మూసుకుపోయినట్టు అయితే సోమవారం దాకా ఆగొద్దు, అదే రోజు ఈఎన్‌టీ దగ్గరికి పోవాలి. దానికి స్టెరాయిడ్ వైద్యం ఉంది, మొదటి రోజుల్లో మొదలుపెడితేనే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.