అప్‌డేట్: వాడని గ్యాస్‌కు రవాణా చార్జీ ఎందుకు? తేలింది

చిట్యాల దగ్గరి మా ఫ్యాక్టరీకి గ్యాస్ రవాణా బిల్లు వాడకం కంటే ఎక్కువ వస్తోందని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఒప్పందంలోని నిర్వచనాలు చదవమన్న సలహాయే పనికొచ్చింది.

లాయర్ గారు చూసి చెప్పింది ఇదీ: చార్జీకి ఆధారం మనం తీసుకున్న గ్యాస్ కాదు, రోజుకు బుక్ చేసిన పరిమాణం. మా ఒప్పందంలో అందులో 90 శాతానికి, గ్యాస్ తీసుకున్నా తీసుకోకపోయినా కట్టాలి. కానీ పైప్‌లైన్ మెయింటెనెన్స్ రోజులను తీసేసి లెక్కకట్టాలని ఈ చార్జీ నిర్వచనంలోనే ఉంది. బిల్లులో తీయలేదు! అడిగితే సరిచేశారు. మెయింటెనెన్స్ రోజుల గురించిన ఈ ఒక్క వాక్యం మాత్రం మీ ఒప్పందంలో తప్పక వెతుక్కోండి.

బుకింగ్ ఎంఎంబీటీయూల్లో (వేడి శక్తిని కొలిచే యూనిట్), మీటర్ లెక్క స్టాండర్డ్ క్యూబిక్ మీటర్లలో (గ్యాస్ ఘనపరిమాణం) ఉంటే, గ్యాస్ క్యాలరిఫిక్ విలువతో, అంటే ఒక్కో క్యూబిక్ మీటర్ ఇచ్చే వేడితో, మార్చాకే పోల్చాలి. మా మీటర్ మీద అనుమానం అనవసరం, టెస్టులో సరిగ్గానే ఉంది.