కోల్‌విట్స్ తన మొహం తనే గీసుకుంటే అది జనం ఆర్ట్ ఎలా అవుద్ది?

నల్లసిరా: ప్రింట్‌మేకింగ్ చదువుతున్నా. మొన్న క్లాసులో జర్మన్ ఆర్టిస్ట్ కేథె కోల్‌విట్స్ ఉడ్‌కట్ (చెక్క మీద చెక్కి అచ్చేసిన బొమ్మ) సెల్ఫ్ పోర్ట్రెయిట్ చూపించారు, 1920ల నాటిది, చిక్కటి నలుపులోంచి వయసు మళ్ళిన మొహం, అలిసిపోయిన కళ్ళు, అంతే, అప్పట్నించి అదే గుర్తొస్తోంది. ఆకలి మీద, యుద్ధం మీద వేసినవి సరే, కానీ బతుకంతా తన మొహాన్ని అన్నిసార్లు గీసుకోవడంలో సమాజం ఎక్కడుంది? కాస్త విడమరిచి చెప్పండి.

చెక్కపొట్టు: ఆవిడ భర్త కార్ల్ బెర్లిన్‌లో కూలీల పేటలో డాక్టరు, ఆయన దగ్గరికొచ్చే ఆడవాళ్ళ కష్టాలు రోజూ చూసేది. ఇక అసలు సంగతి, 1914లో చిన్నకొడుకు పీటర్ మొదటి ప్రపంచ యుద్ధానికి పోతానన్నాడు, 18 ఏళ్ళు, తండ్రి ఒప్పుకోకపోతే ఈవిడే నచ్చజెప్పి ఒప్పించింది. అక్టోబర్‌లో బెల్జియంలో చనిపోయాడు. ఆ తల్లికి ఎలా ఉంటదో ఆలోచించండి. తర్వాత 'యుద్ధం' అని 7 ఉడ్‌కట్లు చేసింది, మొదటిదాంట్లో ఒక తల్లి పసిబిడ్డని రెండు చేతుల్తో ఎత్తి అప్పగిస్తుంటది. పీటర్‌ని పూడ్చిన సైనికుల శ్మశానం కోసం 1932లో పూర్తి చేసిన శిల్పాల్లో మోకాళ్ళ మీదున్న తల్లిదండ్రులకి తన మొహం, కార్ల్ మొహమే పెట్టింది. అక్కడున్నది వేరేవాళ్ళ కొడుకులు కూడా. మీ ప్రశ్నకి జవాబు అదే అనుకుంటా.

రాగిరేకు: ఒకటి కలుపుతా. ఆవిడ చాలాకాలం ఎక్కువగా ఎచింగ్ (లోహపు రేకు మీద యాసిడ్‌తో గీతలు తీసి అచ్చెయ్యడం), లితోగ్రాఫ్ (రాతి అచ్చు) చేసింది, 1920లో శిల్పి ఎర్నెస్ట్ బార్లాక్ ఉడ్‌కట్లు చూశాక చెక్కకి మారింది. చెక్కలో ఉలితో తీసింది తెల్లగా వస్తది, వదిలేసింది నలుపు, మెత్తటి షేడింగ్‌కి చోటే లేదు. మొహంలో ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తేల్చుకోవాల్సిందే, అందుకే ఆ మొహం ఒక్కరిదిలా అనిపించదు.

గోదారిగట్టు: అంతా అమ్మ దుఃఖం కిందే కట్టెయ్యకండి దయచేసి. మొదట్లో కూలీల బతుకుని జాలితో కాదు, అందంగా కనిపించి గీశానని ఆవిడే రాసుకుంది. కొడుకు పోకముందే నేతపనివాళ్ళ తిరుగుబాటు మీద 'నేతగాళ్ళు' సిరీస్ వేసింది, 1898లో దానికి బంగారు పతకం సిఫార్సు చేస్తే జర్మన్ చక్రవర్తి కైజర్ ఇవ్వనివ్వలేదు. 1933లో నాజీలు బెర్లిన్‌లోని ప్రష్యన్ కళల అకాడమీ నుంచి వెళ్ళగొట్టారు. మన బెంగాలీ ఆర్టిస్ట్ సోమనాథ్ హోర్ వేసిన బెంగాల్ కరువు బొమ్మల్లో కూడా ఆవిడ ప్రభావం ఉంది, వాటిని కూడా చూడండి.

నల్లసిరా: పీటర్ సంగతి నాకసలు తెలీదండి. రేపు లైబ్రరీలో ఆ తల్లి బొమ్మ, సెల్ఫ్ పోర్ట్రెయిట్ పక్కపక్కన పెట్టి చూస్తా.