చీకటి చలికాలంలో సాయంత్రం కాఫీ మానేసి మూలికల టీ తాగితే మనసుకు ఊరట ఉంటుందా?

ప్రశ్న: స్టాక్‌హోమ్ నుంచి

అందరికీ నమస్కారం. మేము కాకినాడ నుంచి స్టాక్‌హోమ్‌కు వచ్చి ఏడాదిన్నర అయింది. నిరుటి చలికాలం కొత్త కాపురపు హడావుడిలో ఎలాగో గడిచిపోయింది గానీ, ఈసారి నవంబరు మొదలైన దగ్గర నుంచి నా మనసు నా స్వాధీనంలో లేదు. ఈ రోజుల్లో ఇక్కడ సూర్యుడు ఉదయం 8.40 దాటాక పైకి వచ్చి, మధ్యాహ్నం 2.50 కాకముందే దిగిపోతాడు. అది కూడా మబ్బు లేని రోజున కనిపించే మాట. మన వైపు ఏడాదిలో అతి పొట్టి పగలు సైతం పదకొండు గంటలు ఉంటుంది, ఇక్కడ ఆరు గంటలే. కిటికీ నల్లబడగానే పని మీద శ్రద్ధ పోతుంది, ఏదో ఒక తీపి తినాలనిపిస్తుంది, రాత్రి పది గంటలు పడుకున్నా ఉదయం లేవబుద్ధి కాదు. ఇది కాలాన్ని బట్టి వచ్చే కుంగుబాటు అని వైద్యురాలు చెప్పి, మూడు వారాల క్రితం సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. దాన్ని రోజూ తప్పకుండా వేసుకుంటున్నాను.

నా ప్రశ్న మందు గురించి కాదు, సాయంత్రాల గురించి. ఈ దేశంలో ఆఫీసులో రోజుకు రెండుసార్లు అందరూ కూర్చుని కాఫీ తాగడం ఒక మర్యాద. అది చాలక ఇంటికి వచ్చి చీకటిని తట్టుకోవడానికి నాలుగున్నరకు మరో కప్పు కలుపుకుంటాను, ఆ కప్పు చేతిలో ఉన్నంతసేపూ ఫోను చూస్తూనే ఉంటాను. దీని స్థానంలో మూలికల టీ ఏదైనా అలవాటు చేసుకుని, ఆ పావుగంటైనా మనసు పెట్టి కూర్చోవాలని అనుకుంటున్నాను.

అమ్మ పంపిన పార్సిలులో ఎండు తులసి ఆకు, శొంఠి, పెన్నేరుగడ్డ పొడి ఉన్నాయి. ఆఫీసులో ఒకామె మనసుకు చాలా మంచిదంటూ సెయింట్ జాన్స్ వర్ట్ అనే పసుపు పూల మొక్క టీ పొట్లం ఇచ్చారు. దుకాణంలో నిద్ర కోసమని అమ్మే పెట్టెల మీద చామంతి లాంటి పువ్వు బొమ్మ ఉంది, పదార్థాలలో అతిమధురం కూడా రాసి ఉంది. వీటిలో ఏది తాగవచ్చు, ఎలా కాచుకోవాలి, అసలు వీటివల్ల నిజమైన మేలు ఉంటుందా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు: గోథెన్‌బర్గ్‌లో మందుల దుకాణంలో పనిచేసే ఫార్మసిస్టు

నమస్కారమండి. అన్నిటికన్నా ముందు ఒక మాట: ఆ పసుపు పూల టీ పొట్లాన్ని దయచేసి పక్కన పెట్టేయండి. సెయింట్ జాన్స్ వర్ట్ శరీరంలో సెరటోనిన్ ప్రభావాన్ని పెంచుతుంది (సెరటోనిన్ అంటే మనసు స్థితిని నడిపే ఒక రసాయనం), మీరు వేసుకుంటున్న సెర్ట్రలిన్ కూడా ఆ దారిలోనే పని చేస్తుంది. రెండూ కలిస్తే సెరటోనిన్ మోతాదు మించి వణుకు, చెమటలు, గుండె దడ, జ్వరం, తీవ్రమైన అలజడి రావచ్చు. ఒక్కోసారి అది ప్రాణం మీదికి కూడా వస్తుంది. పైగా ఈ మొక్క కాలేయంలో మందులను విరిచే ఎంజైములను చురుకు చేస్తుంది కాబట్టి గర్భనిరోధక మాత్రలు, రక్తం పలుచబరిచే వార్ఫరిన్, అవయవ మార్పిడి జరిగినవారు వేసుకునే మందులు వంటివాటి బలం తగ్గిపోతుంది. మీకు ఇచ్చినామె మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు, ఎందుకంటే తేలికపాటి కుంగుబాటుకు ఐరోపాలో దీన్ని నిజంగానే వాడతారు. కానీ మీలా మాత్ర వేసుకుంటున్నవారికి అది తగదు. ఇప్పటికే ఒకటి రెండు కప్పులు తాగి ఉంటే ఆ సంగతి మీ వైద్యురాలికి చెప్పండి, పైన చెప్పిన లక్షణాలు ఏవైనా కనబడితే ఆలస్యం చేయకుండా ఇక్కడి ఆరోగ్య సలహా నంబరు 1177కు ఫోను చేయండి. ప్రాణాపాయం అనిపిస్తే అత్యవసర నంబరు 112.

పెన్నేరుగడ్డ, అంటే అశ్వగంధ, అమ్మ పంపిందన్న ఆప్యాయత నాకు అర్థమవుతుంది. అయినా దాన్ని కూడా మీ వైద్యురాలిని అడిగేదాకా ఆపమనే చెబుతాను. అది థైరాయిడ్ హార్మోన్లను కదిలిస్తుంది, కొందరిలో కాలేయానికి హాని చేసినట్టు నమోదైంది. మన పొరుగున ఉన్న డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది.

అతిమధురంలో గ్లిసిరైజిన్ అనే తీపి పదార్థం ఉంటుంది. రోజూ ఎక్కువగా తీసుకుంటే అది పొటాషియంను తగ్గించి రక్తపోటును పెంచుతుంది. బీపీ ఉన్నవారు, గర్భిణులు దానికి దూరంగా ఉండాలి. మిగతావారు అప్పుడప్పుడు ఒక కప్పు తాగితే భయం లేదు గానీ, రోజువారీ అలవాటుకు అతిమధురం లేని పెట్టెను ఎంచుకోవడం మేలు.

ఆ పెట్టె మీది పువ్వు కామోమైల్. దాని గురించి కొంత పరిశోధన జరిగింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు ఎడతెగని ఆందోళన ఉన్నవారికి రోజుకు 1500 మిల్లీగ్రాముల కామోమైల్ సారాన్ని ఇచ్చి చూసి 2016లో ఫలితాలు ప్రచురించారు. సారాన్ని కొనసాగించినవారిలో ఆందోళన తక్కువగా ఉంది, కానీ జబ్బు తిరగబెట్టకుండా అది కచ్చితంగా ఆపుతుందని రుజువు కాలేదు. గమనించవలసిన విషయం ఏమిటంటే, అవి గుళికలు. టీ సంచిలో పడే పూల మోతాదుకూ వాటికీ చాలా తేడా ఉంటుంది కనుక, టీ నుంచి అంత ఫలితాన్ని ఆశించవద్దు. అది మృదువైన పానీయం, మీ మాత్రతో పాటు రోజుకు ఒకటి రెండు కప్పులు తాగినా మామూలుగా ఇబ్బంది ఉండదు. వార్ఫరిన్ వేసుకునేవారు మాత్రం అడగకుండా తాగకూడదు.

మీకు నిజంగా లాభం కలిగేది ఆ నాలుగున్నర కాఫీ మానడం దగ్గర అని నా నమ్మకం. ఫిల్టర్ కాఫీ కప్పులో సుమారు 90 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, అందులో సగం కరగడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. అంటే రాత్రి తొమ్మిదిన్నరకు కూడా మీ ఒంట్లో సగం కప్పు కాఫీ ఉన్నట్టే. అలా పాడైన నిద్ర మరునాటి మనసును ఇంకొంచెం కిందికి లాగుతుంది. చాలామంది గ్రీన్ టీని మూలికల టీ అనుకుంటారు. అది తేయాకే, అందులోనూ కెఫీన్ ఉంటుంది.

చివరగా, టీ కన్నా ముందు వెలుతురు. ఈ రకం కుంగుబాటును నార్మన్ రోసెంతాల్ బృందం 1984లో వివరించినప్పుడే వెలుతురుతో వైద్యం గురించి కూడా చెప్పింది. 10,000 లక్స్ (వెలుతురు కొలత) దీపం ముందు ఉదయం లేచిన గంటలోపు అరగంట కూర్చోవడం ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతి. కంటి జబ్బు గానీ, బైపోలార్ సమస్య (అతి ఉత్సాహం, కుంగుబాటు మారి మారి వచ్చే జబ్బు) గానీ ఉంటే వైద్యుల సలహా లేకుండా దీపం వాడకూడదు. దీపం కొనలేకపోతే మధ్యాహ్నం పన్నెండుకు కోటు వేసుకుని అరగంట నడవండి. మబ్బు పట్టిన పగలు కూడా బయట వెలుతురు మన ఇంటి దీపాల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

రెండో జవాబు: విజయవాడ నుంచి, ఆయుర్వేదం చదివిన గృహిణి

పై జవాబులో మందుల గురించి చెప్పినదంతా సరైన మాట. నేను కాచే పద్ధతి గురించి చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా పొరబడేది అక్కడే.

మనకు కషాయం అనగానే గిన్నెలో అన్నీ వేసి నీళ్లు సగానికో పావుకో ఇగిరేదాకా మరిగించడం అలవాటు. ఆయుర్వేదంలో మరిగించి ఇగిర్చేదాన్ని క్వాథం అన్నారు, వేడి నీళ్లు పోసి నానబెట్టి వడకట్టేదాన్ని ఫాంటం అన్నారు, రెండూ వేరు. శొంఠి, దాల్చినచెక్క వంటి గట్టి వేళ్లకూ బెరళ్లకూ మరిగించడం కావాలి. తులసి ఆకు, కామోమైల్ పువ్వు, నిమ్మగడ్డి వంటి వాసన గల వాటికి ఫాంటమే తగినది. వాటి గుణమంతా తేలికగా ఎగిరిపోయే నూనెలలో ఉంటుంది. వంటగది అంతా ఘుమఘుమలాడితే టీ బాగా కుదిరిందని మనం సంతోషిస్తాం గానీ, ఆ వాసన గిన్నెలో నిలవకుండా గాలిలో కలిసిపోయిందన్నమాట.

కాబట్టి ముందు అర చెంచా శొంఠిని గ్లాసున్నర నీళ్లలో ఐదు నిమిషాలు మరగనిచ్చి పొయ్యి కట్టేయండి. తెర్లడం ఆగాక చెంచాడు ఎండు తులసి వేసి, వెంటనే పళ్లెం మూత పెట్టి ఏడెనిమిది నిమిషాలు కదపకండి. మూత తీసేటప్పుడు దాని అడుగున పట్టిన చెమ్మను గిన్నెలోకే వంచండి, అసలు పరిమళం అందులోనే ఉంటుంది. తేనె వేసుకునేవారు గోరువెచ్చగా అయ్యాకే కలుపుకోవాలి. మీకు మధుమేహపు మందులు ఉన్నా, ఏదైనా శస్త్రచికిత్స దగ్గరలో ఉన్నా తులసిని రోజూ తాగేముందు వైద్యులకు ఒక మాట చెప్పండి.

ఇంకొక విషయం. కొన్ని తెలుగు వ్యాసాలలో కామోమైల్‌ను చామంతి టీ అని రాస్తున్నారు. రెండూ ఒకే కుటుంబపు మొక్కలే గానీ మన పూజ చామంతి వేరు, కామోమైల్ వేరు. దండల కోసం పెంచే చామంతులకు పురుగుమందులు కొడతారు. సంక్రాంతికి ఇండియా వచ్చి బజారు చామంతులను ఎండబెట్టి తీసుకువెళ్లి కాచుకున్నవారు మా బంధువులలోనే ఉన్నారు కాబట్టి ఈ మాట నొక్కి చెబుతున్నాను. చామంతి తాకితే తుమ్ములు, దద్దుర్లు వచ్చేవారికి కామోమైల్ కూడా పడకపోవచ్చు.

మూడో జవాబు: టొరంటో నుంచి

నేను పదకొండు చలికాలాలు చూశాను, నాలుగేళ్లుగా సాయంత్రం కామోమైల్ తాగుతున్నాను. మొదటి ఏడాది నాకు ఏ తేడా కనబడలేదు, ఎందుకంటే కప్పు మారింది తప్ప చేతిలోని ఫోను మారలేదు.

ఇంగ్లీషులో మైండ్‌ఫుల్‌నెస్ అంటున్న దానికి మన భాషలో ఎరుక అనే మంచి మాట ఉంది. జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన శిక్షణలో ఒక ఎండుద్రాక్షను చేతిలోకి తీసుకుని, చూసి, వాసన పీల్చి, నెమ్మదిగా నమలడం ఒక అభ్యాసం. నేను ఇక్కడి ఆసుపత్రిలో అటువంటి ఎనిమిది వారాల శిక్షణకు వెళ్లాక దాన్నే టీకి పట్టించాను. గాజు కప్పు తీసుకోండి. నీళ్లు పోయగానే పూలు పైకి తేలి, వాటి పసుపు బొడిపెలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి; రెండు మూడు నిమిషాలకు తెల్ల రేకులు తడిసి అద్దంలా అయిపోతాయి, ఒక్కొక్క పువ్వు బరువెక్కి కిందికి దిగుతుంది, నీరు లేత గడ్డి రంగు నుంచి తేనె రంగుకు వస్తుంది. వాసన ఆపిల్ పండును గుర్తు చేస్తుంది. ఆ మొక్కకు గ్రీకులు పెట్టిన పేరుకు కూడా నేల ఆపిల్ అనే అర్థం. ఈ ఏడెనిమిది నిమిషాలూ వేరే పని పెట్టుకోకుండా చూస్తూ ఉండడమే నా అభ్యాసం. మనసు ఆఫీసు మీదికి వెళ్తుంది, వెళ్లిందని తెలియగానే మళ్లీ కప్పు దగ్గరికి తెచ్చుకుంటాను. కుంగుబాటు బాగా ఉన్న రోజున ఊరికే కళ్లు మూసుకుని కూర్చుంటే నాకు దిగులు ఆలోచనలే ఎక్కువయ్యేవి. కళ్లు తెరిచి, చేతికి వెచ్చగా తగిలే వస్తువు ఒకటి ఎదుట ఉంటే తేలికయింది.

అడిగినవారి మాట: భోగి రోజున

జవాబులు ఇచ్చిన ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆ పసుపు పూల పొట్లం అప్పటికి తెరవలేదు, ఇచ్చినామెకు కారణం చెప్పి తిరిగి ఇచ్చేశాను; తనకు తెలిసిన ఇంకొకరు కూడా గర్భనిరోధక మాత్రలతో పాటు అది తాగుతున్నారని, వెంటనే చెబుతానని ఆమె అన్నారు. పెన్నేరుగడ్డ వద్దని వైద్యురాలు కూడా చెప్పారు. అమ్మకు ఫోనులో వివరిస్తే మొదట నొచ్చుకుంది గానీ, తులసి మాత్రం మూత పెట్టి కాచుకుంటున్నానని తెలిసి ఊరట పడింది.

దీపం కొని మూడు వారాలు దాటింది. ఉదయం దాని ముందు కూర్చునే అరగంటలోనే నా కాఫీ, సాయంత్రం శొంఠి తులసి. మొదటి నాలుగు రోజులు కాఫీ లేక తలనొప్పి వచ్చి తగ్గిపోయింది. రాత్రి పదకొండుకు నిద్ర పడుతోంది, ఉదయం లేవడం ఇంకా కష్టంగానే ఉంది గానీ లేస్తున్నాను. పడుకునే ముందు కామోమైల్ తాగితే అర్ధరాత్రి మూత్రానికి లేవవలసి వస్తోందని దాన్ని ఏడున్నరకు జరిపాను. ఫోను పక్క గదిలో పెట్టి గాజు కప్పు ముందు కూర్చోవడం అన్ని రోజులూ కుదరదు, వారంలో నాలుగైదు సార్లు కుదురుతోంది. ఆ పూట మాత్రం తీపి వెతుక్కోవడం లేదని మా ఆయన గమనించి చెప్పారు. ఈ రోజు సూర్యాస్తమయం 3.20కి; డిసెంబరు నెలాఖరు కన్నా అరగంట దాకా పెరిగింది.

ఒక్క సందేహం మిగిలింది. ఇలాగే సాగితే వసంతం రాగానే మాత్ర మానేయవచ్చా?

మళ్లీ గోథెన్‌బర్గ్ నుంచి

మీరు తేలికపడినందుకు చాలా సంతోషంగా ఉందండి. మాత్ర విషయంలో మాత్రం మీ అంతట మీరు ఆపకండి. సెర్ట్రలిన్‌ను ఒక్కసారిగా మానితే తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు పాకినట్టు జలదరింపు రావచ్చు. మనసు కుదుటపడ్డాక కూడా కొన్ని నెలలు కొనసాగించి, ఆ తరువాత మోతాదును మెల్లగా తగ్గిస్తారు, ఎప్పుడన్నది మీ వైద్యురాలు చూసి చెప్పాలి. మార్చిలో ఆమెను కలిసేటప్పుడు ఏయే టీలు తాగుతున్నారో, దీపం ఎంతసేపు వాడుతున్నారో కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. వచ్చే ఏడు అక్టోబరులోనే, లక్షణాలు మొదలుకాకముందే, దీపం వెలిగించడం గురించి కూడా అప్పుడే అడగండి.