చనిపోయిన పాత్రల్ని మళ్ళీ బతికిస్తే, ఆ రోజు ఎపిసోడ్ విలువ పోయినట్టేనా?

రేపల్లె_రఘు:
2022 మార్చిలో కార్తీక దీపం సీరియల్‌లో హీరో డాక్టర్ బాబునీ (కార్తీక్), హీరోయిన్ వంటలక్కనీ (దీప) ప్రమాదంలో చంపేశారు. కథ ఒక్కసారిగా పిల్లలు హిమ, శౌర్య పెద్దవాళ్ళయిన కాలానికి దూకింది. ఆ ఏడాది పూర్తికాకముందే ఇద్దరూ బతికొచ్చారు. 2023 జనవరిలో సీరియల్ అయిపోయింది. చావు చూపించిన ఎపిసోడ్ బాగా తీశారనే అనుకుందాం. తర్వాత బతికించారు కాబట్టి అది మోసం కిందకి వస్తుందా? అసలు ఒక ఎపిసోడ్ మనసుకు తగిలిందని దేన్ని బట్టి చెప్తాం? పిల్లల తండ్రెవరో తేల్చే ఆ డీఎన్‌ఏ టెస్ట్ మీద జోకులు వద్దు, ముందే చెప్తున్నా.

చింటూ_తెనాలి:
రిజల్ట్ వచ్చిందా అన్నా?

ఎడిట్_టేబుల్:
సీరియల్ ఎడిటింగ్‌లో చాలా ఏళ్ళు ఉన్నాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. మిమ్మల్ని ఏడిపించింది ఎపిసోడ్ కాదు, బీజీఎం, అంటే వెనక వినిపించే మ్యూజిక్. అరగంట స్లాట్‌లో యాడ్స్ పోగా ఇరవై నిమిషాల చిల్లర కథ కావాలి, వారానికి ఆరు రోజులు. రాసిన సీన్లు అంత నిడివి రావు. అందుకే ఒకరు "నిజమా!" అనగానే గదిలో ఉన్న ఆరుగురి మొహాలూ దగ్గర్నుంచి చూపిస్తాం. అదీ చాలకపోతే అదే షాట్ మూడుసార్లు కొడతాం. వాటిని అతికించే జిగురు మ్యూజిక్. ఒక్కసారి మ్యూట్ చేసి చూడండి, ఎంత ఏడుపు వస్తుందో తెలుస్తుంది. పైగా చాలామంది హీరోయిన్లు కన్నడం నుంచో మలయాళం నుంచో వస్తారు. సెట్‌లో పక్కనుంచి ప్రాంప్టింగ్ ఇస్తే డైలాగ్ అంటారు, గొంతు డబ్బింగ్ ఆర్టిస్టుది. ఇందులో ఎమోషన్ ఎక్కడినుంచి వస్తుంది?

శారద_కాకినాడ:
ఎడిట్ గారూ, మ్యూట్ చేస్తే ఏ సినిమా అయినా అంతే. మీరు ఎపిసోడ్‌ను షాట్లుగా చూస్తున్నారు, మేము అలా చూడం. కార్తీక్ తల్లి సౌందర్య, దీపకు పుట్టిన కవలల్లో ఒక పాపను తెచ్చి, అనాథ అని చెప్పి కొడుకు చేతిలో పెట్టింది. కార్తీక్ తన సొంత కూతుర్నే పెంపుడు కూతురనుకుని ప్రాణంగా పెంచాడు. ఆ సంగతి మాకు తెలుసు, అతనికి తెలియదు. అలాంటప్పుడు హిమకు అతను అన్నం తినిపించినా చాలు, మాకు గొంతు పట్టేస్తుంది. అక్కడ చావు లేదు, ట్విస్ట్ లేదు. మీ బీజీఎం లేకపోయినా నాకు ఏడుపు వచ్చేది. పాత్రకు తెలియనిది మనకు తెలిసి, చెప్పలేక కూర్చోవాలి. ఏడిపించేది అదే.

డాలస్_మూర్తి:
బీజీఎం లేకుండా ఏడిపించినవి ఉన్నాయి. అమెరికాలో మ్యాష్ అని కొరియా యుద్ధం మీద తీసిన సిరీస్. 1975 మార్చిలో మూడో సీజన్ చివరి ఎపిసోడ్. కల్నల్ హెన్రీ బ్లేక్‌కు డ్యూటీ అయిపోయింది, అందరూ నవ్వుతూ ఇంటికి సాగనంపారు. చివర్లో రాడార్ అనే కుర్రాడు ఆపరేషన్ గదిలోకి వచ్చి, ఆయన ఎక్కిన విమానాన్ని కూల్చేశారని, ఎవరూ మిగల్లేదని చదువుతాడు. ఆ పేజీని షూటింగ్‌కు కాస్త ముందు వరకూ నటుల్లో చాలామందికి ఇవ్వలేదు. డాక్టర్లు ఆపరేషన్లు ఆపరు, చేస్తూనే ఉంటారు. ఎవరి చేతిలోంచో ఒక పరికరం కింద పడిన చప్పుడు వినిపిస్తుంది, అంతే. ప్రేక్షకులు కోపంతో ఉత్తరాలు రాశారు. అయినా హెన్రీని తిరిగి తీసుకురాలేదు.

ఎడిట్_టేబుల్:
చూశారా! చప్పుడు ఒక్కటే, మ్యూజిక్ లేదు. నేను అన్నది అదే కదా.

శారద_కాకినాడ:
ఆయన చెప్పిన చివరి వాక్యం చదివారా? తిరిగి తీసుకురాలేదు.

ఎడిట్_టేబుల్:
తీసుకురావడం, రాకపోవడం స్టోరీ డిపార్ట్‌మెంట్ సంగతి. నేను సౌండ్ గురించి మాట్లాడుతున్నా.

రేపల్లె_రఘు:
నా ప్రశ్న సౌండ్ గురించి కాదండీ బాబూ.

నల్లకలువ:
సౌండ్ గురించే నేనూ ఒక మాట. మొదట్లో దీప రంగు చూసి సౌందర్య మాటలనేది కదా. ఆ సీన్ వచ్చినప్పుడల్లా మా ఇంట్లో టీవీ సౌండ్ తగ్గించేవాళ్ళు. నేను పక్కనే ఉన్నానని. అప్పటికే నన్ను చూసి వెళ్ళిన పెళ్ళివాళ్ళు "ఫోటోలో వేరుగా ఉంది" అని కబురు పంపారు. మ్యూట్‌లోనే చూశాను సార్, ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కాకపోతే ఆ హీరోయిన్‌ది తెల్లటి రంగే, నలుపు మేకప్ వేశారని తెలిశాక దీప మీద జాలి పడడం నాకు కష్టమైంది. అంత మంది అమ్మాయిలున్న చోట ఆ రంగు గల ఒక్కరు దొరకలేదా అనిపించింది. నా వరకూ మోసం అంటే ఇదే. బతికించడం కాదు.

చింటూ_తెనాలి:
అక్కా, ఇది మాత్రం నిజం.

ఎడిట్_టేబుల్:
మీ బాధ అర్థమైంది. కానీ అది మీ జీవితంలోంచి వచ్చిన ఏడుపు, సీరియల్ గొప్పతనం కాదు. ఏడవాలని కూర్చున్నవాళ్ళకు ఏది పెట్టినా ఏడుస్తారు. మా దగ్గర అందరికీ తెలిసిన సంగతే. అందుకే ఎవరూ కష్టపడరు.

శారద_కాకినాడ:
ఏడవాలని కూర్చున్నవాళ్ళా? మర్యాదగా మాట్లాడండి. పొద్దున ఐదింటికి లేచి ఇంట్లో అందరికీ అన్నీ అమర్చి సాయంత్రం ఏడున్నరకి కూర్చుంటే, అది ఏడవడానికి కాదు, కూర్చోడానికి. ఎడారి మీద తీసిన విదేశీ సిరీస్ చూసి మా అబ్బాయి కళ్ళు తుడుచుకుంటే అది టేస్టు. నేను తుడుచుకుంటే మీకు జోకు. ఆడవాళ్ళు చూస్తున్నారనేగా మీకంత చులకన? లోపల పనిచేసిన మీరే మమ్మల్ని ఇలా అనుకుంటే, మీరు కట్ చేసినవి అలా కాక ఎలా ఉంటాయి?

ఎడిట్_టేబుల్:
నన్ను అంటారేం మేడమ్? ఒక సీరియల్‌లో తండ్రి పోయిన సీన్‌ను మ్యూజిక్ లేకుండా కట్ చేశాను. కూతురు లోపలికి వచ్చి, ఆయన చెప్పులు గుమ్మం పక్కకు జరిపి వెళ్తుంది. అంతే ఉంచాను. "ఆడియన్స్‌కి ఇది ఎక్కదు" అని తిప్పి పంపారు. వయొలిన్ వేసి, చెప్పుల షాట్ మూడుసార్లు పెట్టి ఇచ్చాను. తర్వాత టైటిల్స్‌లో నా పేరు కూడా ఎత్తేశారు, కారణం చెప్పినవాళ్ళు లేరు. చులకన నాది కాదు.

డాలస్_మూర్తి:
ఆ సీన్ చూడాలని ఉంది.

శారద_కాకినాడ:
అలా చెప్పండి. మీ కోపం మిమ్మల్ని ఆపినవాళ్ళ మీద, అనేది మమ్మల్ని. ఆ చెప్పుల సీన్ మాకు ఎక్కదని ఎవరు చెప్పారు వాళ్ళకి? మమ్మల్ని అడిగారా? డాక్టర్ బాబునీ, దీపనీ మళ్ళీ తెచ్చినప్పుడూ అదే మాట, ప్రేక్షకుల కోరిక మేరకు అని. నేను కోరలేదు. ఏళ్ళ తరబడి చూసిన మనుషులు పోయారు, ఏడ్చాం. అంతటితో సరిపోయేది. చావును మేము తట్టుకోలేమని మీరే అనుకున్నారు. మా ఇళ్ళలో చావులు జరగలేదా?

ఎడిట్_టేబుల్:
కోరడం అంటే ఉత్తరం రాయక్కర్లేదు మేడమ్. గురువారం రేటింగ్స్ వస్తాయి. ఆఫీసులో మీ ఏడుపు ఎవరికీ కనిపించదు, ఆ అంకె ఒక్కటే కనిపిస్తుంది. వాళ్ళిద్దరూ పోయాక అది పడింది. నిజం చెప్పండి, ఆ తర్వాత మీరు చూశారా?

శారద_కాకినాడ:
లేదు. మానేశాను.

ఎడిట్_టేబుల్:
మరి?

శారద_కాకినాడ:
మరి అంటే? వాళ్ళు పోయారని నమ్మాను కాబట్టే మానేశాను. ఇంక ఎవరి కోసం చూడాలి? ఆ రోజు అంత బాగా నమ్మించారు. అంకె పడిందంటే ఎపిసోడ్ నచ్చలేదని లెక్క వేసుకున్నారు మీవాళ్ళు.

రేపల్లె_రఘు:
శారద గారూ, అయితే నమ్మించడంలో గెలిచింది కాబట్టే రేటింగ్‌లో ఓడిందంటారా? ఆ లెక్కన ఏ ఛానెల్ అయినా అలాంటి ఎపిసోడ్ ఎందుకు తీస్తుంది?

ఎడిట్_టేబుల్:
తీయదు. వెబ్ సిరీస్ తీస్తుంది, ఎనిమిది ఎపిసోడ్లతో ముగించొచ్చు కాబట్టి. రోజూ నడిచేదానికి చివర ఉండదు, అందుకే చావు కుదరదు.

శారద_కాకినాడ:
ఎనిమిది ఎపిసోడ్లలో హిమ మీద అంత ప్రేమ పుట్టదు.

నల్లకలువ:
2024లో మొదలైన రెండో భాగంలో కూడా ఆ నటులిద్దరే, పేర్లు కూడా దీప, కార్తీకే, కథ మాత్రం వేరు. దాన్ని ఏ లెక్కలో వేస్తారు?

చింటూ_తెనాలి:
పునర్జన్మ. మా అమ్మ అయితే పాత కథ గుర్తొచ్చి ఇందులో కూడా ముందుగానే ఏడుస్తోంది.

ఎడిట్_టేబుల్:
మ్యూజిక్ రాకముందేనా, వచ్చాకనా?