‘మూన తిరగడం’: అక్వేరియం మొక్కలకు ఈ మాట చెల్లుతుందా?

మా ఇంట్లో రెండడుగుల అక్వేరియం ఉంది. అడుగంతా పచ్చగా పరుచుకునే మొక్కలు కావాలని హెమియాంథస్ క్యూబా తెచ్చాను. ఆకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే ఉంటుంది. కప్పులో జెల్లీ మీద పెంచి అమ్ముతారు. ఆ జెల్లీ కడిగేసి, చిన్న చిన్న కుచ్చులుగా విడదీసి, సన్నటి పట్టకారుతో ఒక్కో కుచ్చునీ మట్టిలోకి దించాలి. కొసలు మాత్రమే పైకి కనబడాలి, లేకపోతే నీళ్ళు నింపగానే లేచి తేలిపోతాయి.

వారం తిరిగేసరికి ఆకులు పసుపెక్కి మెత్తబడటం మొదలైంది. టెన్షన్‌తో అమ్మమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. ఆవిడది తూర్పు గోదావరి, ఏళ్ళ తరబడి ఊడుపులు, అంటే వరినాట్లు, ఊడ్చిన చెయ్యి. కాసేపు చూసి, “ఇంకా మూన తిరగలేదమ్మా. కదపకు” అంది.

అప్పటినుంచీ ఆ మాట నన్ను వదల్లేదు. వరిలో మూన అంటే ఒకచోట కలిపి నాటిన రెండు మూడు నారు మొక్కలు. ఖరీఫ్‌కి చదరపు మీటరుకు 33 మూనలు, రబీకి 44 అని వ్యవసాయ సలహాల్లో రాస్తారు. నారు పీకినప్పుడు వేళ్ళు తెగుతాయి, అందుకే నాటిన పైరు కొన్నాళ్ళు వాడిపోయి పాలిపోతుంది. కొత్త వేరు పట్టి, కొత్త ఆకు తొంగిచూసి, చేను మళ్ళీ పచ్చబడితే మూన తిరిగింది అంటారు.

అక్వేరియంలో కారణం వేరు. గాలిలో పెరిగిన ఆకు సాధారణంగా నీటి అడుగున ఎక్కువకాలం బతకదు. అది పోయి, నీళ్ళలోనే పుట్టిన ఆకు రావాలి. అయినా మనం ఎదురుచూసేది అదే కదా: కొత్త ఆకు, మెల్లగా లాగితే ఊడిరాని వేరు. అందుకే ఈ మాట ఇక్కడా చెల్లుతుందని నా నమ్మకం. మా అక్వేరియం మిత్రులు ‘సెట్ అయింది’ అంటున్నారు. ‘నాటుకుంది’ అందామంటే అది మనసులో నాటుకునే విషయాలకు వెళ్ళిపోయింది. ‘వేళ్ళూనుకుంది’ అంటే ఏదో దురలవాటు గురించి చెప్తున్నట్టుంది. మీరేమంటారు?

*వ్యాఖ్య:* మాది కరీంనగర్ దిక్కు. ఊడుపు అన్న మాటే మా ఊర్లె వినం, నాట్లు ఏసుడే. మీరు “అక్వేరియంలో ఊడ్చాను” అంటే మా ఇంట్లోవాళ్ళు చీపురు పట్టుకున్నరనుకుంటరు. నారుమడి, నారు కట్టలు మాత్రం మాకూ ఉన్నయి.

*జవాబు:* అవునండీ, అందుకే పైన అక్వేరియం గురించి రాసినప్పుడు ‘ఊడ్చాను’ అని రాయలేదు. అమ్మమ్మ వాళ్ళు నారుమడిని ఆకుమడి అంటారు. ఒకే పనికి ఇన్ని మాటలున్నందుకు నాకు సంతోషంగా ఉంది.

*వ్యాఖ్య:* మూన సరే. మరి హెయిర్ గ్రాస్ అనే అక్వేరియం మొక్కని గడ్డి అనొచ్చా? నేను అదే నాటాను.

*జవాబు:* నేనైతే అనను. అది ఎలియోకారిస్, తుంగ కుటుంబంలోది. ‘సూదితుంగ’ అంటే ఎలా ఉంటుంది? అందులో ఒక రకానికి లాటిన్ పేరు అసిక్యులారిస్, అందులోనూ సూదే ఉంది. ఒక్క మాట: నాటే ముందు కొసలు కత్తిరించండి. వరినారుకీ కొసలు తుంచి నాటమంటారు, అక్కడ మాత్రం కాండం తొలిచే పురుగు గుడ్లు పోవడానికి. లోతు విషయంలో వరిని అనుసరించకండి. వరిని పైపైన నాటితేనే పిలకలు బాగా వేస్తుంది. మన మొక్కని పైపైన నాటితే పొద్దున్నకల్లా నీటి మీద ఉంటుంది.

ఇవాళ్టికి పదహారో రోజు. ముందువైపు మూడు మూనలు తిరిగాయి, వెనకవి ఇంకా పసుపుగానే ఉన్నాయి. ఒకచోట కలిపి నాటిన ఆ గుత్తిని మీ జిల్లాలో మూన అంటారా, కుదురు అంటారా, వేరే మాట ఉందా? ఊరి పేరుతో సహా రాయండి.