కొబ్బరితోటలో ఇల్లు: హాలుకు నిమ్మపసుపా, గంధం రంగా?

అంబాజీపేట నుంచి: ఉత్తరం వాకిలి ఇల్లండీ, చుట్టూ కొబ్బరిచెట్లు. హాల్లో పగలూ లైటు వేసుకోవాల్సిందే. పసుపు వేయిద్దామనుకున్నాం, అక్కడే ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మా ఆవిడ నిమ్మపండు పసుపు అంటుంది, అమ్మ గంధం రంగంటుంది. మీరేమంటారు?

పాలకొల్లు నుంచి: నిమ్మపసుపే వేయించండి. చీకటి గదికి ఎంత లేత రంగైతే అంత వెలుగు. గంధం రంగు ఉన్న వెలుగును కూడా మింగేస్తుందండీ.

రావులపాలెం నుంచి: ఎండ తగిలే మేడగదికైతే పాలకొల్లు వారి మాట ఒప్పుకుంటాను. కొబ్బరి నీడలో మాత్రం ఒప్పుకోనండీ. మీ కిటికీలోకి వచ్చే వెలుగే ఆకుల్లోంచి ఆకుపచ్చగా దిగుతుంది. నిమ్మపసుపులో ముందే ఆ ఛాయ ఉంటుంది. రెండూ కలిశాయా, మధ్యాహ్నానికి గోడ పచ్చిమామిడి తొక్కలా కనిపిస్తుంది, సోఫాలో కూర్చున్న మనిషి మొహం పాలిపోయినట్టుంటుంది. గంధం రంగులోని ఎరుపు ఛాయ దాన్ని విరిచేస్తుంది. టేకు గుమ్మాలుంటే మరీ నప్పుతుంది. పైగా గంధం షేడుల్లో సాధారణంగా కలిపేది పసుపు ఐరన్ ఆక్సైడ్. కొత్త సిమెంటు క్షారానికి అది చెదరదు. అమ్మగారి మాటే నా మాట.

భీమవరం నుంచి: రాత్రి సంగతో? 6500 కెల్విన్ (వెలుగు రంగు కొలత) తెల్ల బల్బు కింద ఏ పసుపైనా చప్పబడుతుంది. 3000 కెల్విన్ పసుపు వెలుగు బల్బు పెట్టి చూడండి, గంధం రంగు నిండుగా కనబడుతుంది. ఇంకోటి, అటక మీది పాత ఎనామిల్ పసుపు డబ్బా మాత్రం తీయకండి. పాత క్రోమ్ పసుపంటే లెడ్ క్రోమేటే, అంటే సీసం ఉన్న రంగు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదని 2016లో కేంద్రం నిబంధన తెచ్చింది. పిల్లలున్న ఇల్లు కదా, లేబుల్ చూసే కొనండి.

పాలకొల్లు నుంచి: ఆకుపచ్చ ఛాయ మాట నిజమే, నేను చెట్ల సంగతి ఆలోచించలేదు. అయినా ముదురు గంధం వద్దు. నాలుగు గోడలూ ఒకదాని పసుపు ఒకదానిమీద పడేసుకుంటాయి, షాపు షేడ్ కార్డు మీద లేతగా ఉన్నది గదిలో ముదురుతుంది. నచ్చినదానికంటే ఒక మెట్టు లేతది తీసుకోండి. సీలింగు తెలుపే ఉంచండి.

అంబాజీపేట నుంచి: పడమటి గోడకు కింద చెమ్మ ఉందండీ. పుట్టీ పొడిలా రాలుతోంది.

రావులపాలెం నుంచి: అయితే రంగు మాట తర్వాత. ముందు ఆ నీళ్లెక్కడివో చూడండి. రాలే పుట్టీ గీకించి, గోడ ఆరాకే ప్రైమర్. ఈలోగా రెండు పెద్ద అట్టముక్కలకు రెండు రంగులూ కొట్టి, కిటికీ ఎదురుగా ఒకసారి, మూలన ఒకసారి ఆనించి చూడండి. అత్తాకోడళ్లిద్దరినీ అక్కడే నిలబెట్టండి.